మిద్దె మీద గ్రీన్‌హౌస్ వేసుకోవాలంటే: పందిరి శాశ్వతం, కప్పు మాత్రం కాలాన్ని బట్టి

వీడియోల్లో అద్దాల గ్రీన్‌హౌస్ చూసి మనమూ మేడ మీద ఒకటి కట్టిద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ అద్దాల గది ఇంగ్లండ్, నెదర్లాండ్స్ లాంటి చలి దేశాల అవసరం. అక్కడ వేడి చాలదు కాబట్టి వచ్చిన కాస్త ఎండనీ లోపల పట్టి ఉంచుకుంటారు. మన దగ్గర ఏప్రిల్ నెలాఖరుకి హైదరాబాద్‌లో 42 డిగ్రీలు, రోహిణి కార్తె వచ్చేసరికి రోళ్లు పగిలే ఎండలు. అలాంటిచోట నాలుగు వైపులా మూసేసి పైన పాలిథిన్ కప్పితే లోపల బయటి కన్నా ఇంకో 5 నుంచి 10 డిగ్రీలు పెరుగుతుంది. మొక్కలు బతకవు.

మనకు కావలసింది వేడిని ఆపే ఇల్లు. అంటే ఒక గట్టి పందిరి, దాని మీద కాలాన్ని బట్టి మార్చుకునే కప్పు. ఎండాకాలం షేడ్ నెట్ (నీడనిచ్చే వల), వానాకాలం పాలిథిన్ షీట్, చలికాలం ఏమీ లేకుండా నేరుగా ఎండ. చాలామంది షేడ్ నెట్ ఒకసారి బిగించేసి ఇక ఏడాదంతా అలాగే వదిలేస్తారు, ఆ తర్వాత "జులై నుంచి టమాటా సాగిపోతోంది, పూత లేదు" అని తల పట్టుకుంటారు. మబ్బు పట్టిన రోజుల్లో ఉన్న వెలుతురులో సగం వలే తినేస్తుంటే పూత ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి కింద చెప్పేదంతా కప్పుని సులువుగా తీసి వేసుకునేలా పందిరి ఎలా వేయాలో అన్నదాని చుట్టూనే ఉంటుంది. కొలత 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. సరదాగా పెంచుకునేవాళ్లకి ఇది చాలు, అంతకన్నా పెద్దదైతే నీళ్లు పోయడమే ఒక ఉద్యోగం అవుతుంది.

ముందు స్లాబు సంగతి

ఇనుము కొనడానికి ముందే ఇది చూసుకోవాలి. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు పడుతుందని లెక్కవేసి కట్టాలని మన దేశపు ప్రమాణం, ఐఎస్ 875, చెబుతుంది. ఇప్పుడు మట్టి లెక్క చూడండి. స్లాబు మీద అడుగు ఎత్తున ఇటుకలు కట్టి మట్టి నింపి తడిపితే చదరపు మీటరుకి 450 కిలోలు దాటుతుంది. మూడింతలు! మిద్దె మీద మడులు కట్టేవాళ్లు ఈ లెక్క వేయకుండానే మొదలుపెడతారు, రెండేళ్లకి కింది గది సీలింగుకి చెమ్మ పట్టి పెచ్చులూడితే మేస్త్రీని తిడతారు.

అందుకని మడులు వద్దు, గ్రో బ్యాగులే (మొక్కలు పెంచే సంచులు) పెట్టండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న బ్యాగులో 20 లీటర్ల దాకా మట్టి మిశ్రమం పడుతుంది, తడిస్తే దాదాపు 20 కిలోలు తూగుతుంది. మన 10 బై 12 పందిరి కింద చోటు 11 చదరపు మీటర్లు, అంటే మొత్తంగా 1,650 కిలోల దాకా వెసులుబాటు ఉన్నట్టు. 40 బ్యాగులు పెడితే 800 కిలోలు, పందిరి ఇనుము, మనుషులు కలిపినా ఇంకా మిగులుంటుంది. నీళ్ల డ్రమ్ములు మాత్రం ఈ పందిరి కింద పెట్టకండి. 200 లీటర్ల డ్రమ్ము అంటే ఒక్కచోటే 200 కిలోలు. బరువైనవి ఏవైనా ఉంటే కింద గోడ గానీ బీము గానీ ఉన్న వరుసలో పెట్టాలి, గది మధ్యలో కాదు. పాత ఇల్లు, స్లాబుకి ఇప్పటికే పగుళ్లు, కింద చెమ్మ ఉంటే ముందు ఇంజనీర్‌కి చూపించి వాటర్ ప్రూఫింగ్ చేయించండి, ఆ తర్వాతే మొక్కల మాట. అపార్టుమెంట్ అయితే అసోసియేషన్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవడం మంచిది, నోటిమాట మీద వేసిన పందిళ్లు కమిటీ మారగానే గొడవలవుతాయి.

చోటు, దిక్కు

మన అక్షాంశంలో మే రెండో వారానికి హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండాకాలంలో అసలు దెబ్బ పైనుంచి. దాని తర్వాత పడమటి నుంచి, మధ్యాహ్నం రెండు దాటాక వచ్చే ఏటవాలు ఎండ. ఉదయపు తూర్పు ఎండ ఎంత వచ్చినా మొక్కకి మంచిదే.

కాబట్టి పందిరిని ఒకవైపు వాలుగా వేయండి, తూర్పు వైపు 9 అడుగులు, పడమర వైపు 8 అడుగులు. పడమటి ఎండకి అడ్డం, తూర్పు వెలుతురుకి దారి, వేడెక్కిన గాలి పైకెక్కి ఎత్తుగా ఉన్నవైపు నుంచి బయటికి పోతుంది, వాన నీళ్లు పడమటికి జారతాయి. ఆ జారిన నీళ్లు పక్కింటి గోడ మీద పడకుండా చూసుకోండి, మీ డాబా నీటివాలు, తూము ఎటున్నాయో చూసి అవసరమైతే వాలుని మార్చుకోవచ్చు. ఆరడుగుల ఎత్తు చాలదా అంటే చాలదు. వల కింద గాలి ఎంత ఎక్కువ చోటుంటే మొక్కల దగ్గర వేడి అంత తక్కువ. కప్పు తలకి తగిలేంత కిందికి ఉన్న పందిట్లో మే నెలలో మీరే ఐదు నిమిషాలు నిలబడలేరు.

ఫ్రేము

జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తీసుకోండి, అంగుళంన్నర, గోడ మందం 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా. మామూలు ఇనుప పైపుకి పెయింటు వేసి సరిపెట్టుకోవచ్చు అని వెల్డర్ అంటాడు. రోజూ తడి తగిలేచోట రెండు వానాకాలాలు గడిచేసరికి కింది చివర తుప్పు పడుతుంది. వెదురు చవక, అందంగానూ ఉంటుంది, కానీ మేడ మీద గాలికి నమ్మలేం. పెరట్లో అయితే వెదురు వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఈ కొలతకి 20 అడుగుల పైపులు 8 సరిపోతాయి, కోత సరిగ్గా వేస్తే. మూడు పైపుల్ని 12, 8 అడుగులుగా కోయించండి. 12 అడుగులవి పొడవాటి దూలాలు (తూర్పున ఒకటి, పడమరన ఒకటి, మధ్యలో ఒకటి), 8 అడుగులవి పడమటి స్తంభాలు. రెండు పైపుల నుంచి తూర్పు స్తంభాలు మూడు, ఒక్కోటి 9 అడుగులు. ఇంకో రెండు పైపుల నుంచి అడ్డ దూలాలు మూడు, ఒక్కోటి 10 అడుగులు. ఎనిమిదో పైపు, పైన మిగిలిన ముక్కలు కలిపి తలుపు చట్రానికి, మూలల్లో ఏటవాలుగా పెట్టే రెండడుగుల దన్నులకి వస్తాయి. ఒక చిక్కుంది, కొన్ని షాపుల్లో 20 అడుగుల పైపు అని ఇచ్చేది నిజానికి 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. టేపు పెట్టి కొలుచుకుని, తక్కువుంటే పడమటి స్తంభాల్ని నాలుగంగుళాలు, అడ్డ దూలాల్ని రెండంగుళాలు తగ్గించండి, ఏమీ కాదు. పైపు ధర అడుగుల్లో కాకుండా కిలోల్లో అడగండి, పల్చటి పైపు అంటగడితే అప్పుడు తెలిసిపోతుంది.

స్తంభాలు పొడవు వెంట ఆరడుగులకి ఒకటి చొప్పున నిలబెట్టాలి. మూలల దన్నులు ఖర్చు అనుకుని వదిలేయొద్దు, పందిరి ఊగకుండా ఆపేది అవే. వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా జింకు పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింకు పెయింటు రెండు పూతలు వేయించండి. వీలైతే వెల్డింగ్ బదులు క్లాంపులు, నట్లు బోల్టులతో బిగించమనండి, అద్దె ఇల్లైతే రేపు విప్పుకుని పట్టుకుపోవచ్చు.

గాలికి ఎగరకుండా

ఈ భాగం కాస్త జాగ్రత్తగా చదవండి. పందిరి కూలిపోవడం కన్నా పైకి లేచిపోవడం ఎక్కువ ప్రమాదం. భవనాల డిజైన్‌కి హైదరాబాద్‌లో సెకనుకి 44 మీటర్ల గాలిని, విజయవాడ, విశాఖల్లో 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటారు, గంటకి చూస్తే 158, 180 కిలోమీటర్లు. 44 మీటర్ల గాలి చదరపు మీటరు మీద వేసే ఒత్తిడి 100 కిలోలు దాటుతుంది. మన పందిరి కప్పు 11 చదరపు మీటర్లు. పైన పాలిథిన్ షీట్ గట్టిగా బిగించి ఉంటే టన్నుకి పైగా బలం దాన్ని లేపడానికి చూస్తుంది. వలకి రంధ్రాలుంటాయి కాబట్టి అంత పట్టదు గానీ తేలిక మాత్రం కాదు.

స్లాబుకి డ్రిల్లు వేసి బోల్టులు దింపుతామంటారు, ఒప్పుకోకండి. వాటర్ ప్రూఫింగ్ పొర చిల్లు పడితే నీళ్లు లోపలికి దిగడం ఖాయం. మన ఇళ్లలో ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల ఊచలు పైకి వదిలేస్తారు కదా, వాటికి మించిన ఆధారం లేదు. దగ్గర్లోని రెండు మూడు స్తంభాల్ని ఆ ఊచలకి ప్లేటు పెట్టి వెల్డ్ చేయించండి, లేదా క్లాంపులతో బిగించండి. మిగిలిన స్తంభాల్ని 20 లీటర్ల పెయింట్ బకెట్లలో నిలబెట్టి కాంక్రీటు పోయండి, ఒక్కో బకెట్ 45 కిలోలకు పైనే తూగుతుంది. పిట్టగోడకి కట్టడం సాయంగా పనికొస్తుంది కానీ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడని మాత్రమే నమ్ముకోవద్దు, అది పందిరితో పాటే వీధిలో పడుతుంది.

ఆరు స్తంభాలకీ బకెట్లే పెట్టినా అన్నీ కలిపి 270 కిలోలు. టన్ను బలం ముందు అవి ఏ మూలకి? అందుకే పాలిథిన్ షీట్ తుపాను హెచ్చరిక రాగానే తీసేసేలా ఉండాలి, అది ఎంత ఖరీదైనా సరే. కోస్తాలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో ఏం చేసిందో చూసినవాళ్లే. వలని ఇనుప తీగతో కాకుండా ప్లాస్టిక్ కేబుల్ టైలతో కట్టండి. మరీ పెద్ద గాలి వస్తే టైలు తెగి వల ఊడిపోవాలి తప్ప ఫ్రేము కదలకూడదు. టైలు చవగ్గా మళ్లీ దొరుకుతాయి.

కప్పు: ఏ వల, ఎంత శాతం

షాపులో షేడ్ నెట్ అనగానే ముదురాకుపచ్చ 75 శాతమో 90 శాతమో చేతిలో పెడతారు. కారు పార్కింగుకి అది బాగుంటుంది. శాతం అంటే ఎంత ఎండని ఆపుతుందో ఆ లెక్క, 90 శాతం వల కింద మొక్కకి దక్కేది పదో వంతు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి పెంచుకునేవాళ్లకి 50 శాతం సరిపోతుంది. కేవలం టమాటా, మిర్చి, వంగ అయితే 35 శాతం చాలు. ఆర్కిడ్లు, ఆంథూరియం, ఫెర్న్‌ల పిచ్చి ఉంటే వాటి మూలకి మాత్రం ఇంకో పొర అదనంగా వేసి 75 శాతం చేసుకోండి. రంగు విషయానికొస్తే, ఆకుపచ్చ వల కళ్లకి బాగుంటుంది గానీ మొక్క తక్కువగా వాడుకునే పచ్చ వెలుతురునే లోపలికి వదులుతుంది. తెల్లది మేలు, దొరక్కపోతే నల్లది. యూవీని (ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని) తట్టుకునే రకమని బిల్లు మీద రాయించుకోండి, లేనిది రెండు వేసవులకి వేళ్లతో నలిపితే పొడి అవుతుంది.

బిగించే పద్ధతిలోనే ఉంది కిటుకు. అడ్డ దూలాల మీద పొడవు వెంట అడుగున్నర ఎడంతో జీఐ తీగలు లాగించి టర్న్‌బకిల్స్‌తో (తిప్పితే తీగ బిగుసుకునే కొక్కేలతో) బిగించండి. వలకి అంచుల్లో రింగులు కొట్టించి ఆ తీగల మీద కర్టెన్ లాగా ఒకవైపుకి జరిపేలా వేయండి, గాలికి కొట్టుకోకుండా చివర్లలో టైలతో కట్టండి. ఫిబ్రవరి చివర వలని లాగి కప్పేస్తారు, వానలు పట్టాక జూన్ రెండో మూడో వారంలో వెనక్కి జరిపేస్తారు. మధ్యలో అక్టోబరు ఎండ మరీ చుర్రుమంటే ఓ పదిరోజులు మళ్లీ లాగొచ్చు. రోజూ ఉదయం సాయంత్రం లాగే ఓపికుంటే ఇంకా మంచిది, పదింటి దాకా ఎండ తగలనిచ్చి ఆ తర్వాత మూయడం మొక్కకి ఎంతో ఇష్టం, కానీ ఆఫీసులకెళ్లేవాళ్లకి కుదరదని నాకు తెలుసు.

వానకి 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీట్. దీన్ని పైకప్పుకి మాత్రమే వేయాలి, పక్కలు తెరిచే ఉంచాలి. పాలీహౌస్ సామాన్లు అమ్మేచోట అల్యూమినియం ప్రొఫైలు (గాడి ఉన్న పట్టీ), అందులో నొక్కే జిగ్‌జాగ్ స్ప్రింగు దొరుకుతాయి. అంచులకి అవి పెట్టుకుంటే షీట్ వేయడం, లాగేయడం నిమిషాల పని. ప్రొఫైల్ లేకుండా మేకులు, తీగలతో బిగిస్తే తుపాను వచ్చేటప్పుడు చీకట్లో కటింగ్ ప్లయరు పట్టుకుని నిచ్చెనెక్కాల్సి వస్తుంది.

పక్కల సంగతి. మొదటి ఏడాది పడమర వైపు షేడ్ నెట్ తెర ఒకటి వేలాడదీయండి చాలు, మిగతా మూడు వైపులా గాలి ఆడనివ్వండి. తెల్లదోమ బెడద ఎక్కువుంటే 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాలున్న) ఇన్సెక్ట్ నెట్ చుట్టూ వేసుకోవచ్చు, కాకపోతే అది గాలిని కూడా బాగా ఆపుతుంది, లోపల ఉక్క పెరుగుతుంది, పైగా తేనెటీగలు రావు (దాని గురించి కింద చెప్తాను). పావురాలకి నైలాన్ వల సరిపోతుంది. కోతులకి మాత్రం ఏ వలా ఆగదు, కోతులు తిరిగే ఊరైతే పక్కలకి ఇనుప మెష్ బడ్జెట్‌లో కలుపుకోండి, లేదంటే కాయలు పెంచేది వాటికోసమే అనుకోవాలి.

బిగించిన పనితనం కళ్లారా చూడాలనుంటే గోదావరి వైపు వెళ్లినప్పుడు కడియం నర్సరీల దగ్గర ఆగి మొక్కలతో పాటు తల పైకెత్తి వలల్ని కూడా చూడండి, తీగ ఎలా లాగారు, ముడి ఎక్కడ వేశారు అనేది అక్కడ ఉచితంగా నేర్చుకోవచ్చు.

నీళ్లు

డ్రిప్ పెట్టుకోండి, సెలవులకి ఊరెళ్లేవాళ్లకి అది తప్పనిసరి. 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు వరుసల వెంట, దాని నుంచి ఒక్కో బ్యాగుకి 4 మిల్లీమీటర్ల మైక్రోట్యూబు. ట్యాంకు దగ్గరే ఒక స్క్రీన్ ఫిల్టర్.

ఇక్కడ చాలామంది తడబడేది ఒత్తిడి దగ్గర. మేడ మీద ట్యాంకు ఆరేడు అడుగుల దిమ్మ మీద ఉంటుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వచ్చే నీళ్లకి ఒత్తిడి 0.2 బార్ మాత్రమే. ఆన్‌లైన్‌లో రేటింగ్ చూసి కొనే ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లకి (ఒత్తిడి మారినా ఒకే లెక్కన నీళ్లు వదిలేవి) సాధారణంగా అర బార్ అయినా కావాలి, ఇంత తక్కువ ఒత్తిడికి అవి సరిగ్గా పనిచేయవు. మీకు తిప్పి సర్దుకునే అడ్జస్టబుల్ డ్రిప్పర్లే కావాలి. టైమర్ కొనేటప్పుడు కూడా అంతే, సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో తెరుచుకునే) రకానికి ఒత్తిడి కావాలి, బాల్ వాల్వ్ రకం ఒత్తిడి లేకున్నా తెరుచుకుంటుంది. బాల్ వాల్వ్ అని అడిగి తీసుకోండి.

బోరు నీళ్లయితే కొన్నాళ్లకి డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి మర్నాడు కడిగేస్తే సరి. ఎండాకాలంలో ఒక్కో టమాటా బ్యాగుకి రోజుకి ఒకటి నుంచి రెండు లీటర్లు పడతాయి, ఉదయం ఏడులోపు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న పైపులోంచి వచ్చే మొదటి నీళ్లు చేతిని కాలుస్తాయి, వేళ్ల సంగతి చెప్పాలా?

ఫాగర్ల గురించి అడుగుతుంటారు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడిగాలి ఉన్నచోట ఏప్రిల్ మధ్యాహ్నాల్లో పొగమంచులా నీళ్లు చిమ్మితే నిజంగానే చల్లబడుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల గాలిలో ఇప్పటికే తేమ నిండుగా ఉంటుంది, అక్కడ ఫాగర్ పెడితే చల్లదనం రాదు, బూజు వస్తుంది. పైగా ఫాగర్‌కి మోటారు కావాలి. పొడి ఊళ్లలో ఉన్నవాళ్లు కూడా ముందు రెండు పూటలా నేల తడిపి చూడండి, సగం పని దానితోనే అవుతుంది.

బ్యాగులు, మిశ్రమం

నల్ల బ్యాగు ఎండకి వేడెక్కి వేళ్లని ఉడికిస్తుంది, బయట తెల్లగా ఉండే హెచ్‌డీపీఈ బ్యాగులు తీసుకోండి. నేరుగా స్లాబు మీద పెట్టకండి. ఇనుప స్టాండ్లో, పాత ఇటుకలో, ఏదో ఒకటి కింద పెట్టి కనీసం నాలుగంగుళాలు ఖాళీ ఉంచితే నీళ్లు నిలవవు, చీపురు దూరుతుంది, చెమ్మ పడితే కనిపిస్తుంది.

మిశ్రమం నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), మూడు పాళ్లు వర్మీకంపోస్టు గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ, బ్యాగుకి ఒక గుప్పెడు వేపపిండి. 5 కిలోల కోకోపీట్ దిమ్మ నానితే 60, 70 లీటర్ల దాకా పొంగుతుంది కాబట్టి ఎక్కువ కొనేయకండి. వాడే ముందు రెండు మూడుసార్లు కడిగి పిండాలి, కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడక్కుండా వేస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. ఈ ఒక్క పని బద్ధకించి ఎరువుల షాపుల చుట్టూ తిరిగేవాళ్లు ఎంతమందో.

ఏం, ఎప్పుడు

ఎండాకాలం వల కింద పాలకూర, పుదీనా, తోటకూర, బచ్చలి చక్కగా వస్తాయి. కొత్తిమీర కూడా వస్తుంది, బయట మేలో అసాధ్యం అనుకునేది. ధనియాల్ని చపాతీ కర్రతో మెల్లగా రెండు బద్దలయ్యేలా నలిపి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. చల్లచల్లగా ఉండే మూలలో పెట్టండి, అయినా చలికాలమంత గుబురుగా రాదు, నెలలోపే కోసేసుకోవాలి.

టమాటాని ఎండాకాలంలో కాయించాలని పంతం పట్టకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా వేడిగా ఉంటే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. వల పగటి వేడిని కొంత తగ్గిస్తుంది, రాత్రి వేడిని ఏమీ చేయలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ కోసుకోవడం తెలివైన పని. విత్తనం బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా రక్షక్ ప్రయత్నించండి, ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసిన హైబ్రిడ్ అది. మేలో ఖాళీగా ఉండలేకపోతే వంగ, బెండ పెట్టండి, అవి వేడిని ఓర్చుకుంటాయి.

వానాకాలంలో పాలిథిన్ కప్పు కింద నారు పోసుకోవడమే ఈ పందిరి అసలు ఉపయోగం. బయట ఒక్క జడివానకి కొట్టుకుపోయే నారు ఇక్కడ నిలబడుతుంది. నీళ్లు మాత్రం తగ్గించాలి, పైన వాన పడుతుంటే గాలి తేమగా ఉంటుంది, తడి ఆరదు, నారుకుళ్లు వచ్చి మొదళ్లు దారంలా సన్నబడి పడిపోతాయి. మిశ్రమంలో ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లని అణిచే మేలు శిలీంధ్రం) కలుపుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. లంబసింగి వైపు, లేదా అరకు కొండల్లో ఉండేవాళ్లకి మాత్రం డిసెంబరు, జనవరిల్లో అన్ని వైపులా పాలిథిన్ మూసుకునే గ్రీన్‌హౌసే సరైనది, మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇన్సెక్ట్ నెట్ చుట్టూ వేసినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బీర, సొర, కాకర, దోసలకి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, తేనెటీగలాంటి కీటకాలు వస్తేనే కాయ. వలలో అవి రావు కాబట్టి ఆ పని మీదే. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తుంచి రేకులు వెనక్కి తీసి ఆడపువ్వు మధ్యలో అద్దండి. దోస, కాకరలకి పొద్దున్నే, బీర, సొరలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి సాయంత్రం. టమాటా, మిర్చి, వంగలకి ఇంత గొడవ లేదు, ఉదయం కొమ్మని వేలితో రెండుసార్లు తట్టితే పుప్పొడి రాలుతుంది.

పురుగులు

వల వేశాం కదా పురుగు రాదు అనుకోవద్దు. ఎర్రనల్లికి వల కింద ఉండే పొడి, వేడి, వాన పడని వాతావరణం పండగే. ఆకు వెనక సన్నటి బూజులాంటి గూడు, పైన ఇసుక చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అదే. మొదట్లోనే అయితే ఆకుల వెనక భాగాన్ని గట్టి నీటిధారతో కడగడమే మంచి మందు, రెండు రోజులకోసారి ఓ వారం. పిండినల్లి కొత్తగా కొన్న మందార, క్రోటన్ కుండీలతోనే ఎక్కువగా వస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన ఏ మొక్కనైనా రెండు వారాలు పందిరి బయట పెట్టి చూశాకే లోపలికి తీసుకెళ్లండి.

తెల్లదోమకి పసుపు జిగురు అట్టలు, తామరపురుగుకి నీలం అట్టలు, మొక్క కొన ఎత్తులో వేలాడదీయాలి, పైకప్పుకి కాదు. 2021లో గుంటూరు మిర్చి తోటల్ని ఊడ్చేసిన నల్ల తామరపురుగు మిద్దెతోటల్లోని మిర్చి పూలల్లోనూ కనిపిస్తుంది, పువ్వుని తెల్ల కాగితం మీద దులిపి చూడండి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం, కొట్టేది సాయంత్రం ఎండ దిగాకే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, ఆ నేరం వేపనూనె మీద వేయకండి. ఆకుముడత వైరస్ పట్టిన మొక్కని మాత్రం కాపాడాలని చూడకుండా పీకి సంచిలో కట్టి పారేయండి, ఉంచితే పక్కవాటికీ అంటుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు ఇదంతా తిరగేసి చదువుకోవాలి. మీకు కావలసింది అసలైన మూసిన గ్రీన్‌హౌసే. డాలస్‌లో చివరి మంచు మార్చి మధ్యకి వెళ్లిపోతుంది, న్యూజెర్సీలో ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా ఆగాలి. అంతకి నాలుగైదు వారాల ముందే బీర, సొర, దోస నారు లోపల పోసుకుంటే మీ వేసవి పంట నెల ముందుకి జరుగుతుంది. కరివేపాకు కుండీని చలికాలమంతా లోపలే ఉంచండి, ఆకు రాల్చినా కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి, వేరు కుళ్లిపోతుంది. ఎండలు ముదిరాక అదే గ్రీన్‌హౌస్ మీద డాలస్‌లో మీరూ షేడ్ నెట్ కప్పాల్సిందే.

పందిరి నిలబడ్డాక లోపల, మొక్కల ఎత్తులో, నీడ తగిలేచోట ఒక మ్యాక్సిమం మినిమం థర్మామీటరు తగిలించండి. బయట ఇంకోటి ఉంటే మరీ మంచిది. మధ్యాహ్నం లోపలి అంకె బయటి కన్నా ఎక్కువ చూపిస్తుంటే ఎక్కడో గాలి ఆగుతోందని అర్థం, పక్క తెరలు పైకి చుట్టండి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ఈదురుగాలులకి ముందొకసారి, అక్టోబరు తుపాన్లకి ముందొకసారి, ప్రతి క్లాంపునీ స్పానర్‌తో బిగించి, రంగు మారిన కేబుల్ టైలు కత్తిరించి కొత్తవి వేయండి. వలని వెనక్కి జరిపి ఉంచే నెలల్లో ఉడతలు, ఎలుకలు ఆ మడతల్లో గూళ్లు పెట్టి కొరికేస్తాయి, జూన్‌లోనే వల విప్పి దులిపి చుట్టచుట్టి లోపల దాచుకున్నవాళ్లకి అది చాలా ఏళ్లు వస్తుంది.